నా పేరున వచ్చిన నష్టం

రాష్ట్రం వచ్చిన కొత్తలో మా కోచింగ్ సెంటర్ వాళ్లు ఉద్యమ జ్ఞాపకాలతో ఒక ప్రత్యేక సంచిక వేశారు. అందులో నేనూ ఒక వ్యాసం రాశాను. నాలుగు పేజీలు. తుఫాను వానలకు నా పత్తి చేను ఎలా కుళ్లిపోయిందో, నష్టపరిహారం కోసం రైతుగా నేను ఎన్ని ఆఫీసుల మెట్లెక్కానో, ఆ అవమానం నన్ను ఎల్బీ నగర్ చౌరస్తాలోని దీక్షా శిబిరానికి ఎలా తీసుకెళ్లిందో అందులో ఉంది. చదివినవాళ్లు కళ్లు చెమర్చాయన్నారు. ఒకాయన ఫోన్ చేసి మరీ "మట్టివాసన కొట్టింది సార్" అన్నాడు.

ఆ వ్యాసంలో నేను చెప్పనిది ఒకటుంది. ఆ పత్తి నేను వేయలేదు. విత్తనం పెట్టింది, కలుపు తీయించింది, మందు కొట్టింది, వాన వెలిశాక గట్టు మీద కూర్చుని తల పట్టుకున్నది ఇంకొకాయన. నాదల్లా పాసుపుస్తకంలో పేరు. పరిహారం ఆ పేరుకే వచ్చింది. అందులో ఆయనకు నేను ఏమీ ఇవ్వలేదు. ఇవ్వకపోగా, ఇచ్చానని చెప్పాను. ఆ వ్యాసాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు పిల్లలను తయారుచేసే చోట పాఠాలు చెబుతాను. అప్పుడూ అదే పని. నాకు అప్పగించిన అంశం భూసంస్కరణలు. నిజాం కాలం నుంచి కౌలు చట్టాలు ఎలా మారాయి, రక్షిత కౌలుదారు అంటే ఎవరు, దున్నేవాడిదే భూమి అన్న మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయింది, ఇవన్నీ బోర్డు మీద బాణాలు గీసి మరీ చెప్పేవాణ్ని. కౌలుదారు మీద ఏ ప్రశ్న వచ్చినా ఇచ్చిన నాలుగు జవాబుల్లో సరైనదేదో నిద్రలో కూడా చెప్పగలను.

ఇల్లు ఎల్బీ నగర్‌లో. ఊరు చౌటుప్పల్ దాటి లోపలికి. నాన్న పేరు మీది నుంచి నా పేరు మీదికి మారిన నాలుగెకరాల చెలక, వాన మీద ఆధారపడే మెట్ట భూమి, అక్కడుంది. దాన్ని కౌలుకు చేసే ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. రక్తసంబంధం లేదు, ఊరి వరస. నేను మామా అనేవాణ్ని, ఆయన అల్లుడా అనేవాడు.

మా కౌలు ఒప్పందం ఏటా ఉగాది వెళ్లిన వారంలో మా ఇంటి వరండాలో జరిగేది. సంచిలో రెండు శేర్ల కందులు తెచ్చేవాడు. మా ఆవిడ ఇచ్చిన చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు అడిగేవాడు.

"ఈ ఏడు గూడ నేనే దున్నుకోనా, అల్లుడా?"

"నువ్వు గాక ఇంకెవ్వరున్నరు మామా?"

అంతే. కాగితం లేదు, సాక్షి లేడు. కౌలు రైతులకు సర్కారు కార్డులిస్తుందట, పట్టాదారు ఒక సంతకం పెడితే చాలట అని ఒక ఏడు ఆయనే నసిగాడు. నేను అరగంట సేపు ఆ కార్డు వల్ల ఎన్ని చిక్కులొస్తాయో వివరించాను. పహణీలో, అంటే ఊరి భూముల లెక్క పుస్తకంలో, అనుభవదారు కాలమ్ అంటే ఏమిటో, అందులో ఇంకొకరి పేరు పడితే ముందు తరాలకు ఏమవుతుందో చెప్పాను. క్లాసులో కూడా అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు. చివరికి ఆయనే భయపడ్డాడు.

"వద్దులే అల్లుడా. నీకెందుకు పరేషాన్. మనకు మాట ఉన్నది గదా."

పాసుపుస్తకం మీద బ్యాంకు ఇచ్చే పంట రుణం నేను తీసుకునేవాణ్ని. పెద్ద అంబర్‌పేట్‌లో ప్లాట్ వాయిదాలు ఉండేవి. విత్తనాలూ ఎరువులూ మామ మండల కేంద్రంలోని ఎరువుల దుకాణంలో ఉద్దెర తెచ్చుకునేవాడు. పంట రుణం నాకు, పంట ఆయనకు. ఇందులో తేడా ఉందని ఆ రోజుల్లో నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. ఊళ్లో అందరూ చేసేది అదే.

ఉద్యమం ఊపందుకున్న ఏడు, పత్తి ఏరే సమయానికి ముసురు పట్టింది. తుఫాను ఎక్కడో తీరం దాటుతోందన్నారు గానీ మా చెలకను దాటలేదు. నాలుగో రోజు మామ ఫోన్ చేశాడు. నేనప్పుడు బంద్ వల్ల బస్సుల్లేక దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఇంటికి నడిచి వెళుతున్నాను.

"అల్లుడా, చేను పాయె. కాయ నల్లగైంది. కొన్నిట్ల గింజ కాయలనే మొలకేసింది."

"అయ్యో. ఇప్పుడెట్ల మామా?"

"సర్కారోళ్లు రాసుకపోనీకె ఒస్తున్నరంట. పట్టాదారే ఉండాలంటున్నరు, ఫోటో దిగాలెనట. నువ్వు రావాలె."

మర్నాడు స్టాఫ్ రూమ్‌లో ఈ మాట ఎత్తితే, మాకు అంకగణితం చెప్పే లెక్చరర్ పేపరు దించాడు. ఆయనది కృష్ణా జిల్లా. ఇరవై ఏళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లోనే కాపురం. నీళ్ల గురించీ నిధుల గురించీ మేమిద్దరం రోజూ గొడవపడి, రోజూ ఒకే క్యారియర్ మూతలో పచ్చడి పంచుకునేవాళ్లం.

"మీకూ పడిందన్నమాట," అన్నాడు. "మాకు మొత్తం వరి పడుకుందండీ. నిన్ననే వెళ్లి రాయించుకొచ్చాను."

"మీ చేను కౌలుకిచ్చారు కదండీ?"

"ఇస్తే? పట్టా నాది కదండీ. గవర్నమెంటు వాడు అడిగేది పాసుపుస్తకం. కౌలుదారు చల్లిన విత్తనాలు అడుగుతాడా?"

"అదీ నిజమే లెండి."

రాష్ట్రం ఉండాలా విడిపోవాలా అని దేశమంతా వాదించుకుంటున్న ఆ రోజుల్లో, ఈ ఒక్క విషయంలో మాత్రం మా స్టాఫ్ రూమ్ పూర్తిగా సమైక్యంగా ఉంది.

ఊరికి వెళ్లాను. చేను దగ్గరికి వెళ్లేసరికి వ్యవసాయ శాఖ ఉద్యోగి ఒకతను, గ్రామ రెవెన్యూ అధికారి, వెనుక పదిమంది రైతులు బురదలో నిలబడి ఉన్నారు. వంతు వచ్చినవాడు పాసుపుస్తకం పట్టుకుని చేనులో నిలబడితే ఫోటో తీస్తున్నారు. పంట సగం పోతే పోయినట్టు కాదట, సగానికి పైగా పోవాలట. అందుకని ప్రతివాడూ మిగిలిన నాలుగు మంచి చెట్లకు అడ్డంగా నిలబడుతున్నాడు.

నా పేరు పిలిచారు. బూట్లు విప్పితే మామ అందుకుని చేత్తో పట్టుకున్నాడు. ప్యాంటు మడిచి, నల్లబడ్డ పత్తి మధ్యకు వెళ్లి, పాసుపుస్తకం గుండెల దగ్గర పెట్టుకుని నిలబడ్డాను. ఫోటో అనగానే అలవాటు కొద్దీ నవ్వాను.

"నవ్వొద్దు సార్. నష్టం ఫోటో ఇది," అన్నాడు ఫోన్ పట్టుకున్న ఉద్యోగి.

నవ్వు ఆపాను. అప్పుడు వెనుక నుంచి ఒక రైతు గొంతు.

"ఓ సారూ! గది నా చేను! నా నష్టం గూడ నువ్వే తీస్కుంటవా ఏంది?"

అందరూ గొల్లుమన్నారు. నాలుగెకరాల పట్టాదారుణ్ని, నా చెలక హద్దు నాకు తెలియదు. మామ బురదలో దిగి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు.

"మనది గిటు, అల్లుడా. గా కరెంటు స్తంభం ఇవుతల. కాలు జారుతది, పైలం."

చిన్నపిల్లవాణ్ని నడిపించినట్టు నడిపించి నన్ను నా చేనులో నిలబెట్టి, తను ఫోటోలో పడకుండా పక్కకు జరిగాడు. రెండో ఫోటో తీశారు. ఇంతలో రెవెన్యూ అధికారి కాగితం నుంచి తలెత్తాడు. ఆయన మొహంలో ఇంకా నవ్వు పోలేదు.

"సాగు మీరే చేస్తున్నరా సార్?"

అడగడంలోనే జవాబు ఉంది. ఆయనకు తెలుసు, అక్కడున్న పదిమందికీ తెలుసు. కాదు, ఈయన చేస్తాడు అని నేను ఒక్క ముక్క అంటే కాగితం మీద ఏదో ఒక మూల మామ పేరు పడేది. నేను గొంతు సవరించుకున్నాను. నేను నోరు తెరిచేలోపే మామ అందుకున్నాడు.

"సారే చేపిస్తడు. మేం కూలికొస్తం."

ఒక చేతిలో నా బూట్లున్నాయి. రెండో చేత్తో చేనంతా చూపిస్తూ అన్నాడు ఆ మాట. భూమిని నేను తన దగ్గరే ఉండనీయాలని, నాకు కోపం రాకూడదని ఆయన అబద్ధం చెప్పాడు. నేను నోరు మూసుకున్నాను. అధికారి భుజాలెగరేసి రాసుకున్నాడు.

తిరిగి వస్తుంటే మామ బస్సు దాకా వచ్చాడు. "పైసలొస్తే సేటు ఉద్దెర కడితే సాలు అల్లుడా. మిరుగుకు మల్ల గింజలియ్యాలె గదా గాయన," అన్నాడు. సేటు అంటే ఆ ఎరువుల దుకాణం యజమాని. పాత బాకీ తీరిస్తేనే తొలకరికి విత్తనం ఇస్తాడు. "గంతే గదా మామా," అన్నాను.

ఆ నెలలోనే ఎల్బీ నగర్‌లో రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. విజయవాడ వెళ్లే రోడ్డు మధ్యలో పొయ్యిలు వెలిగించి, డేగిశాల్లో పప్పన్నం వండి, వచ్చినవాళ్లందరికీ వడ్డించారు. లెక్చరర్ల తరఫున మాట్లాడమని నాకు మైకిచ్చారు. నేను పాసుపుస్తకం కూడా తీసుకెళ్లాను. అది పైకెత్తి పట్టుకుని చెప్పాను.

"నేను పాఠాలు చెప్పేటోన్నే గాదు, రైతును! నా పత్తి చేను కుళ్లింది. నష్టపరిహారం కోసం బురదల నిలబడి ఫోటో దిగిన. పండించేటోడు ఒకడు, తినేటోడు ఇంకొకడు! ఇది ఎన్నాళ్లు?"

చప్పట్లు మోగాయి. ఈలలు కూడా. మా విద్యార్థులు వందమంది దాకా ఉన్నారు. ఆ చివరి మాట నేను ఎవరి గురించి అంటున్నానో ఆ రోజు నాకు స్పష్టంగానే తెలుసుననుకున్నాను. మర్నాడు జిల్లా పేజీలో నా ఫోటో వచ్చింది. నవ్వు లేదు, బాగా కుదిరింది.

లెక్కల లెక్చరర్ ఆ పేపరు మడిచి నా టేబుల్ మీద పెట్టాడు.

"బాగా మాట్లాడారటండీ మాస్టారూ. పండించేవాడు ఒకడు, తినేవాడొకడు. నేనూ తినేవాణ్నే, కాదనను. కానీ మైకు పెట్టుకుని తినను."

ఆ పూట పచ్చడి పంచుకోలేదు.

పరిహారం వచ్చేసరికి వేసవి అయింది. క్లాసులో ఉండగా బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది. పెద్ద మొత్తమేమీ కాదు. మామకైతే పాత బాకీ తీరి విత్తనం చేతికొచ్చేంత, నాకు ప్లాట్ వాయిదా ఒకటిన్నర. ఇంట్లో చెబితే మా ఆవిడ ఒకటే అడిగింది.

"మామకు ఎప్పుడు ఇస్తరు?"

"ఇస్త. వాయిదా దాటిపోతున్నది, ముందు అది కట్టి వచ్చే నెల ఇస్త."

వచ్చే నెలకు వాయిదా ఉండదా అని ఆమె అడగలేదు. నన్ను నేనూ అడగలేదు. మోసం చేద్దామని కూర్చుని నిర్ణయించుకున్న క్షణం అంటూ ఏదీ లేదు. ఉంటే ఈ రాత ఇంకాస్త తేలికయ్యేది.

మరుసటి నెలలో ఎరువుల సేటు దిల్‌సుఖ్‌నగర్ వచ్చాడు. కూతురిని ఏదో కాలేజీలో చేర్పించడానికి వచ్చి, పనిలో పనిగా మా సెంటర్ కింద ఉన్న చాయ్ హోటల్లో నన్ను పట్టుకున్నాడు. నా చుట్టూ అప్పుడు నలుగురు విద్యార్థులున్నారు. అందరూ వంటావార్పు రోజు ముందు వరసలో కూర్చున్నవాళ్లే.

"సార్, ఒక్కమాట. మీ కౌలుదారు బాకీ సంగతి. పరిహారం మీ ఖాతల పడిందని బ్యాంకుల తెలిసింది. గాయనకు ఇచ్చిన్రా?"

కౌలుదారు అన్న మాట వినగానే పిల్లల్లో ఒకడు నా వైపు చూశాడు. వాడి చూపు తప్పించడానికి నేను చాయ్ గ్లాసులోకి చూశాను.

"ఇచ్చిన," అన్నాను.

"మొత్తమా?"

"మొత్తం. ఎప్పుడో ఇచ్చిన."

"మరి నాకు రాలేదంటడు! ఓహో. ఇగ చూస్త గాయన సంగతి," అని సేటు చాయ్ డబ్బులు కూడా తనే ఇచ్చి వెళ్లిపోయాడు.

చూపు తిప్పుకోవడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు ఆ మాట అనడానికి. నిజానికి ఆ సాయంత్రమే డబ్బు తీసుకెళ్లి మామ చేతిలో పెడితే నా అబద్ధం నిజమైపోయేది. అలా అనుకున్నాను కూడా. అనుకోవడం వల్ల ఎంతో ఊరట కలిగి, వెళ్లడం మానేశాను.

జూన్ మొదట్లో మామ రెండుసార్లు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మూడోసారి చేయలేదు. ఆ ఏడు నా చెలక బీడు పడింది. మరుసటి ఉగాదికి వరండాలో ఎవరూ కూర్చోలేదు. మామ భార్యతో సహా పట్నం పోయాడని, ఎరువుల సేటుకు డబ్బు ఎగ్గొట్టి పోయాడని ఊళ్లో అనుకుంటున్నారని తెలిసింది. నేను చెలకను ఇంకొకరికి ఇచ్చాను. ఆ ఏడు సిలబస్‌లో కొత్తగా ఒక అంశం చేరింది: గ్రామీణ వలసలు, కారణాలు. ఏడు కారణాలు చెప్పేవాణ్ని. పిల్లలు రాసుకునేవారు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. బాణాసంచా కాల్చాం, స్వీట్లు పంచాం, సంచిక వేశాం. నా వ్యాసం సంగతి మొదటే చెప్పాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు, ఇంటి మీద ఇంకో అంతస్తు వేద్దామని, సెంట్రింగ్ బొంగుల కోసం ఎల్బీ నగర్ చివరన ఉన్న ఒక కట్టెల అడితికి వెళ్లాను. నీలగిరి బొంగులు, టేకు దుంగలు, రంపం మోత. బేరం ఆడుతుంటే అడితి యజమాని తన గోడు మొదలుపెట్టాడు. ఎక్కడో నీలగిరి తోట కొని నరికించబోతే, గాలివానకు సగం తోట పడిపోయిందట. పరిహారం అడిగితే చెట్టు పంట కాదు పొమ్మన్నారట వ్యవసాయం వాళ్లు. అడవి శాఖకు పోతే ఇది అడవి కాదన్నారట. తోటల శాఖకు పోతే నీలగిరికి పండ్లు కాస్తాయా అని అడిగారట.

"మూడు ఆఫీసులు తిరిగిన సార్. నా నష్టం ఏ శాఖదో ఎవ్వనికీ తెల్వదు."

బొంగుల మోపు భుజాన వేసుకుని వెళుతున్న మనిషి మోపు కింద నుంచే నవ్వాడు. "నీకు తిరుగనీకె మూడు ఆఫీసులన్న దొరికినయ్, సారూ. మాకు గది గూడ లేకపాయె."

ఆ గొంతు నాకు తెలుసు. మోపు దించాక నన్ను చూశాడు. ఎడమ భుజం కొద్దిగా కిందికి వంగిపోయింది. జుట్టు పూర్తిగా తెల్లబడింది.

"అల్లుడా!" అన్నాడు. అందులో కోపం కోసం వెతికాను. లేదు. "మస్తు లావైనవ్ గదా. అత్త గీడనే ఉంటది, నాగోల్ దిక్కు. రెండిండ్లల్ల పని చేస్తది."

ఇద్దరం చాయ్ బండి దగ్గర నిలబడ్డాం. ఆయనే తన కథ చెప్పుకొచ్చాడు. ఆ జూన్‌లో సేటు గింజ ఇవ్వలేదు. పదిమంది ముందు దొంగ అన్నాడు. పక్క దుకాణం వాడు కూడా ఇవ్వలేదు, మండలంలో దుకాణాల వాళ్లందరూ ఒకటే మాట. ఎడ్లు అమ్మితే బాకీలో సగం తీరింది.

"గా సేటుగాడు ఏమన్నడో ఎర్కేనా? పైసలు నువ్విచ్చినవంట! నువ్వే చెప్పినవంట గానికి!" అని మామ నవ్వాడు. "నా అల్లుడు గట్లనడు, నువ్వు అబద్ధాలకోరువు అన్న నేను. గాని మొఖం మీదనే అన్న. సర్కారు పైసలు పడనే లేదేమో, పడితే నా అల్లుడు ఉంచుకుంటడా?"

నేను చిల్లర లెక్కపెట్టి చాయ్ బండి వాడికి ఇచ్చాను.

"నువ్వు మన చేను మీద రాసినవట గదా, బుక్కుల. మా అల్లుడు, బిడ్డ మొగడు, సదివి ఇనిపిచ్చిండు. ఏడుపొచ్చింది. నేను లేను గాని అండ్ల, ఉద్యమంల నేను ఏడున్న, బొంగులు మోస్తుంటి." ఒక గుక్క తాగి, అసలు విషయానికి వచ్చాడు. "అల్లుడా, నాతోని ఇగ మోత కాదు. ఊరికి పోత. రెండెకరాలు కౌలుకిస్త అంటున్నడు ఒకాయన. కని గింజ ఎవ్వడిస్తడు? సేటు దగ్గర నా పేరు కరాబున్నది. నువ్వొక్కసారి ఒచ్చి, పైసలు ఇయ్యలేదు, ఈయన ఎగ్గొట్టలేదు అని చెప్పు. నీ మాటైతే ఇంటడు. సదువుకున్నోనివి."

వస్తానన్నాను. అక్కడే, ఆ చాయ్ బండి దగ్గరే చెప్పేస్తే అయిపోయేది. వారం గడువు పెట్టుకున్నాను.

వారం తర్వాత ఎల్బీ నగర్‌లో బస్సెక్కాం. ఉతికిన అంగీ వేసుకొచ్చాడు. నాకు టికెట్ తనే తీశాడు, వద్దన్నా వినలేదు. దారి పొడుగునా వానల గురించి మాట్లాడాడు. నేను మనసులో ఒక వాక్యం చెక్కుకుంటూ కూర్చున్నాను. బ్యాంకులో ఏదో తిరకాసు జరిగి, డబ్బు పడినట్టు చూపించి, మళ్లీ వెనక్కి పోయిందని. అందులో ఎవరి తప్పూ లేదు. మంచి వాక్యం. నాలుగు జవాబుల ప్రశ్నలో అయితే సగం మంది దాన్నే టిక్కు పెడతారు.

దుకాణంలో విత్తనం కోసం ఐదారుగురు రైతులు బస్తాల మీద కూర్చుని ఉన్నారు. సేటు మామను చూడగానే గొంతు పెంచాడు.

"ఏందయ్యా, ఇన్నేండ్లకు తొవ్వ దొరికిందా? సిఫారసుకు సారును గూడ తోల్కొచ్చినవ్!"

"నేనేం చెప్ప. అల్లుడే చెప్తడు, ఇను," అన్నాడు మామ. చేతులు కట్టుకుని, కాస్త గర్వంగా, అందరి వైపూ చూస్తూ నిలబడ్డాడు.

అందరూ నా వైపు తిరిగారు. "సేటూ, ఆ ఏడు ఏమైందంటే," అని మొదలుపెట్టాను, "బ్యాంకుల..."

"ఆఁ, బ్యాంకుల," అన్నాడు మామ తల ఊపుతూ. నేను ఏం చెప్పబోతున్నానో ఆయనకు తెలియదు. ఏం చెప్పినా సాక్ష్యం పలకడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆ తల ఊపడం చూశాక మిగతా వాక్యం నా నోట రాలేదు.

"బ్యాంకుల ఏం తప్పు కాలే," అన్నాను. "పైసలు నా ఖాతల పడ్డయ్. నేనే వాడుకున్న. ఈయనకు రూపాయి ఇయ్యలే. నువ్వు దిల్‌సుఖ్‌నగర్‌ల అడిగిననాడు ఇచ్చిన అని అబద్ధం చెప్పిన."

తూకం మీద గింజలు పోస్తున్నవాడి చేయి ఆగిపోయింది. సేటు ఖాతా పుస్తకం మూసి లేచి నిలబడ్డాడు.

"మరి గట్లెందుకన్నవ్ సార్? నీ మాట పట్టుకుని నేను గాయన్ని దొంగ అన్న గదా. ఎడ్లు అమ్మిపిచ్చిన గదా."

"అవును."

"మస్తు సదువుకున్నవ్ గదా సార్ నువ్వు!" అన్నాడు బస్తా మీద కూర్చున్న ఒక ముసలాయన. ఎవరూ నవ్వలేదు.

మామ చేతులు విప్పుకున్నాడు. సేటు వైపు తిరిగి, "నిన్ను అబద్ధాలకోరు అన్న నేను. ఏం అనుకోకు," అన్నాడు. నా వైపు చూడలేదు. చూడకుండానే వెళ్లి గడప దగ్గర చెప్పులు వేసుకోవడం మొదలుపెట్టాడు.

డబ్బు సంగతి ఆ తర్వాత తేలింది. నా చెలకకు మామతో కౌలు కాగితం కూడా రాసుకున్నాం, ఈసారి సంతకాలతో. అవన్నీ విడమరిచి చెబితే మళ్లీ నా గురించి నేను మంచిగా రాసుకున్నట్టవుతుంది. ఆ రోజు దుకాణంలో, సేటూ ఆ రైతులూ వింటుండగా, ఆయన వీపును చూస్తూ నేను అన్న మాటలు మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"మామా, ఒక్కమాట ఇని పో. నువ్వు దొంగవు గాదు, నేను. నీ పంట నాదన్న. నీ పైసలు తిన్న. గా అధికారి అడిగిననాడు నువ్వు నా కోసం అబద్ధమాడితే, నేను నోరు మూసుకుని నిలబడ్డ. నువ్వు ఫోన్ చేస్తే ఎత్తలే. మొన్న చాయ్ తాగుతుంటె గూడ చెప్పలే. ఎందుకు చేసిన అంటే నా దగ్గర జవాబు లేదు. తప్పు చేసిన మామా. నన్ను మాఫ్ చెయ్యి."